కరెంటు పెట్టారు, అందుకే ఒళ్ళు కాలిందా? అన్నయ్య చర్మం, అక్క కణాలు, మధ్యలో రేడియేషన్

బందరు నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్ కొంచెం వేరే టైపు. ఫోన్ రివ్యూ కాదు, యాప్ గురించి కాదు. మా ఇంట్లో జరిగిన విషయం. మీ ఇంట్లో జరగకూడదని కోరుకుంటున్నాను, కానీ ఎక్కడో ఒకచోట జరుగుతుంది కాబట్టి చెప్తున్నాను. బస్సులో ఉంటే ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, ఇంట్లో ఉంటే స్పీకర్ ఆన్ చేసి పెద్దవాళ్ళకి కూడా వినిపించండి.

ముందే ఒక మాట. నేను డాక్టర్‌ని కాదు. బీటెక్ చదివి, కొన్నేళ్ళు కోడ్ రాసి, ఇప్పుడు కెమెరా ముందు కూర్చున్నవాణ్ణి. మా అన్నయ్య డాక్టర్లు చెప్పింది విన్నాను, అర్థంకానిది చదువుకున్నాను. వైద్యం మాత్రం మీ డాక్టర్‌నే అడగండి.

సరే, కథలోకి వెళ్దాం.

వదిన వీడియో కాల్

మా పెదనాన్నగారి అబ్బాయి దివిసీమలో రొయ్యల చెరువులు చూసుకుంటాడు. అతనికి బ్లడ్ క్యాన్సర్ వచ్చింది. మందులతో తగ్గింది కానీ మళ్ళీ వచ్చే రకం అన్నారు, బోన్ మ్యారో మార్పిడి చేయాలన్నారు. మ్యారో అంటే మూలుగ. మటన్ కూరలో ఎముక పట్టుకుని పీలుస్తాం చూడండి, అదే. మన ఒంట్లో రక్తం తయారయ్యేది అక్కడే.

గుడివాడలో ఉండే మా పెద్దక్క, అంటే అన్నయ్య సొంత అక్క, ఆవిడ కణాలు మ్యాచ్ అయ్యాయి. తోబుట్టువులతో పూర్తిగా మ్యాచ్ అయ్యే అవకాశం నాలుగింట ఒకటే. అది కుదిరిందని ఇంట్లో పండగ చేసుకున్నాం. మార్పిడికి ముందు మూడు రోజుల పాటు ఒళ్ళంతటికీ రేడియేషన్ ఇచ్చారు. తర్వాత అక్క కణాలు ఎక్కించారు. అంతా బాగానే జరిగింది. ఐదో నెలలో అన్నయ్య ఇంటికొచ్చాడు. అప్పుడు నడి ఎండాకాలం.

ఒకరోజు వదిన వీడియో కాల్ చేసింది. "బాబూ, మీ అన్నయ్య ఒళ్ళు చూడు ఎలా అయిపోయిందో. కరెంటు పెట్టారు కదా, ఆ వేడి ఇప్పుడు బయటికొస్తోందంట" అంది. చూస్తే చెవులు ఎర్రగా, మెడ వెనక ఎర్రగా, అరచేతులు మంట. వెనక నుంచి పెద్దమ్మ "అమ్మవారేమోరా, వేపాకు కట్టండి" అంటోంది.

మన దగ్గర రేడియేషన్ వైద్యాన్ని ‘కరెంటు పెట్టడం’ అంటాం కదా. కరెంటు పెడితే ఒళ్ళు కాలుతుంది అనే లెక్క అందరికీ సరిపోయింది. నిజం చెప్పాలంటే నాకూ సరిపోయింది. "అవునేమో వదినా, కలబంద రాయండి, మజ్జిగ ఎక్కువ ఇవ్వండి" అన్నాను. ఇంత చదివినవాణ్ణి ఇచ్చిన సలహా అది.

ఆరు రోజులు అలా గడిచాయి. ఏడో రోజుకి సగం ఒళ్ళు ఎర్రబడింది, విరేచనాలు మొదలయ్యాయి. ఆస్పత్రికి ఫోన్ చేస్తే అక్కడి డాక్టర్ వెంటనే బయల్దేరమన్నారు. వెళ్ళాక అడిగిన మొదటి ప్రశ్న: "మొదటి రోజే ఎందుకు ఫోన్ చేయలేదు?" మా దగ్గర సమాధానం లేదు. ఆస్పత్రి నంబర్ ఫ్రిజ్ మీదే అంటించి ఉంది.

ఆ జబ్బు పేరు గ్రాఫ్ట్ వర్సెస్ హోస్ట్ డిసీజ్. పొట్టిగా జీవీహెచ్‌డీ. అంటే, వచ్చిన కణాలు ఉన్న ఒంటి మీద చేసే దాడి.

ఏ రేడియేషన్ గురించి మాట్లాడుతున్నాం?

ముందు ఈ మాట క్లియర్ చేసుకుందాం, ఎందుకంటే రేడియేషన్ అనగానే కామెంట్స్‌లో సెల్ టవర్ అంటారు. మన బందరులో వాతావరణ శాఖ రాడార్ ఉంది కదా, తుఫాను వస్తుంటే మేఘాల్ని చూసేది. అది పంపేదీ రేడియేషనే. మీ చేతిలో ఫోన్ పంపేదీ రేడియేషనే. కానీ వాటికి అణువుల్లోంచి ఎలక్ట్రాన్లని పీకేసేంత శక్తి లేదు. ఎక్స్‌రేలకీ, గామా కిరణాలకీ ఆ శక్తి ఉంది. అవి కణం లోపలికి దూరి డీఎన్‌ఏని తెంపుతాయి. వేగంగా విభజన చెందే కణాలు ముందు చస్తాయి. క్యాన్సర్ కణాలు అలాంటివే కాబట్టి అది వైద్యం అయింది.

ఈ వైద్యంలో మన జిల్లాకి మంచి పేరే ఉంది. మంటాడలో పుట్టిన నోరి దత్తాత్రేయుడు గారు కర్నూలు మెడికల్ కాలేజీలో చదివి, అమెరికా వెళ్ళి, క్యాన్సర్ గడ్డ దగ్గరికే రేడియేషన్ చేర్చే బ్రాకీథెరపీలో పెద్ద నిపుణుడయ్యారు. 2015లో పద్మశ్రీ వచ్చింది.

అన్నయ్యకి ఇచ్చింది గడ్డ మీద కాదు, తల నుంచి కాలి దాకా. డోసుని గ్రే అనే లెక్కలో కొలుస్తారు. మూలుగ మార్పిడికి చాలాచోట్ల వాడే పూర్తి డోసు 12 గ్రే వరకు ఉంటుంది, రోజుకి రెండుసార్లు చొప్పున చిన్న చిన్న భాగాలుగా ఇస్తారు. వైద్యమే అందకపోతే ఒళ్ళంతటికీ ఒకేసారి సుమారు 4 గ్రే తగిలినా సగం మంది బతకరు. అంటే 12 గ్రే తర్వాత పాత మూలుగ దాదాపు పోయినట్టే. కొత్త మూలుగ ఎక్కిస్తేనే మనిషి నిలబడతాడు.

ఫ్యాక్టరీ రీసెట్

మన భాషలో చెప్తాను. ఫోన్‌లో గట్టి వైరస్ పడింది. ఏ యాప్‌లో దాక్కుందో తెలీదు. ఫ్యాక్టరీ రీసెట్ కొడతాం. రేడియేషన్ ఆ రీసెట్. తర్వాత కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తాం. అక్క మూలుగ ఆ కొత్త సాఫ్ట్‌వేర్.

తిరకాసు ఏంటంటే, ఆ కొత్త సాఫ్ట్‌వేర్‌తో పాటు దాని యాంటీవైరస్ కూడా వస్తుంది. మన ఒంట్లో ఆ యాంటీవైరస్ పేరు టీ కణాలు. ఇవి అక్క ఒంట్లో పుట్టి పెరిగినవి. అక్క శరీరం మాత్రమే వాటికి ‘మనవాళ్ళు’. ఇప్పుడు కొత్త ఒంట్లోకి వచ్చి చూస్తే చర్మం, పేగు, కాలేయం కొత్తగా కనిపిస్తాయి. ‘ఎవరు మీరు?’ అని దాడి మొదలుపెడతాయి.

"మ్యాచ్ అయ్యాయన్నారు కదా?" అని నేనూ అడిగాను. మ్యాచ్ చూసేది హెచ్‌ఎల్‌ఏ అనే ముఖ్యమైన గుర్తుల్ని. వాటి కింద చిన్న చిన్న తేడాలు ఎన్నో ఉంటాయి. పైగా ఇచ్చింది ఆడమనిషి, పుచ్చుకుంది మగవాడు. మగవాళ్ళ కణాల్లో వై క్రోమోజోమ్ తయారుచేసే ప్రోటీన్లు ఉంటాయి, ఆడవాళ్ళ టీ కణాలకి అవి కొత్త. ఇచ్చినావిడ పిల్లల్ని కన్న తల్లి అయితే ఆ ప్రమాదం ఇంకొంచెం ఎక్కువ. మా అక్కకి ఇద్దరు పిల్లలు.

చర్మంలో అవి కొట్టేది పై పొరని కాదు. కొత్త చర్మాన్ని పుట్టించే అడుగు వరసని, వెంట్రుకల కుదుళ్ళ దగ్గర ఉండే మూలకణాల్ని. అందుకే చిన్న దద్దురుగా మొదలై, ముదిరితే పొక్కులు లేచి చర్మం ఊడే దాకా వెళ్తుంది.

మరి కాల్చింది ఎవరు? ఎలుకలు చెప్పిన సాక్ష్యం

వదిన ప్రశ్నకి వద్దాం. కాల్చింది కరెంటా, కణాలా? దీనికి జవాబు 1950ల్లోనే ఎలుకల మీద దొరికింది.

అణుబాంబుల తర్వాత శాస్త్రవేత్తలు రేడియేషన్ తగిలిన జీవిని ఎలా బతికించాలా అని వెతికారు. ఎలుకలకి ప్రాణం పోయేంత రేడియేషన్ ఇచ్చి, వేరే ఎలుక మూలుగ ఎక్కించారు. బతికాయి. కొన్ని వారాలకి వాటి చర్మం పాడైంది, విరేచనాలు పట్టాయి, చిక్కి చచ్చిపోయాయి. మొదటి జబ్బు రేడియేషన్‌ది కాబట్టి దీన్ని ‘రెండో జబ్బు’ అన్నారు. అప్పుడు కూడా ఇది రేడియేషన్ మిగిల్చిన దెబ్బేనా అనే అనుమానం వచ్చింది.

కానీ అంతే రేడియేషన్ ఇచ్చి, అచ్చం అదే జాతి ఎలుక మూలుగ ఎక్కిస్తే రెండో జబ్బు రాలేదు. రేడియేషన్ ఒక్కటే కారణమైతే అక్కడా రావాలి కదా? తిప్పి కూడా చూశారు. అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకి రేడియేషన్ అసలు ఇవ్వకుండా, వేరే జాతి పెద్ద ఎలుక కణాలు ఎక్కించారు. అవి ఎదగక, చర్మం పాడై చనిపోయాయి. రేడియేషన్ లేకపోయినా జబ్బు వచ్చింది.

డీబగ్గింగ్ చేసేవాళ్ళకి ఇది వెంటనే తెలుస్తుంది. ఒక్కటి తీసేసి చూడు, బగ్ పోయిందా? తిరిగి పెట్టు, వచ్చిందా? దోషి పరాయి కణాలే అని తేలింది. 1966లో బిల్లింగ్‌హామ్ అనే శాస్త్రవేత్త మూడు షరతులు చెప్పారు. ఎక్కించినదాంట్లో పోరాడే కణాలు ఉండాలి. ఎక్కించుకున్న ఒంట్లో వాటికి కొత్తగా కనిపించేది ఏదో ఉండాలి. ఆ ఒంటికి వాటిని తరిమేసే శక్తి ఉండకూడదు. మూడూ కలిస్తే జీవీహెచ్‌డీ.

అయితే రేడియేషన్ అమాయకురాలా? కాదు

ఇక్కడే మా ఇంట్లోవాళ్ళు సగం కరెక్ట్. దాడి చేసేది అక్క కణాలే, కానీ వాటిని రెచ్చగొట్టేది రేడియేషన్.

రేడియేషన్ పడినప్పుడు చర్మం, పేగు లోపలి పొర దెబ్బతింటాయి. దెబ్బతిన్న కణాలు ‘ప్రమాదం, ప్రమాదం’ అని రసాయన సంకేతాలు పంపుతాయి. పేగు గోడ బలహీనపడి, లోపలి బ్యాక్టీరియా ముక్కలు రక్తంలోకి కారతాయి. దాంతో అలారం ఇంకా పెరుగుతుంది. సరిగ్గా ఆ గొడవ మధ్యలోకి కొత్త టీ కణాలు వచ్చి దిగుతాయి. ఊళ్ళో సైరన్ మోగుతుండగా కొత్త పోలీసుల్ని దింపినట్టు. ఎదురుపడిన ప్రతివాడూ దొంగలాగే కనిపిస్తాడు.

1997లో వచ్చిన ఎలుకల ప్రయోగంలో ఇది బాగా కనిపించింది. రేడియేషన్ డోసు పెంచినకొద్దీ పేగు దెబ్బ పెరిగింది, అలారం రసాయనాలు పెరిగాయి, జీవీహెచ్‌డీ తీవ్రత పెరిగింది. మనుషుల విషయంలో సియాటిల్ డాక్టర్లు 12 గ్రే, 15.75 గ్రే డోసుల్ని పోల్చి 1990లో ప్రచురించారు. ఎక్కువ డోసు తీసుకున్నవాళ్ళలో క్యాన్సర్ తిరగబెట్టడం తగ్గింది. కానీ వేరే కారణాలతో పోయినవాళ్ళు పెరిగారు. మొత్తం మీద బతికినవాళ్ళ లెక్కలో లాభం కనిపించలేదు. అందుకే ‘ఇంకొంచెం ఎక్కువ పెట్టండి సార్, పూర్తిగా పోవాలి’ అని మనం అడగకూడదు. వయసు ఎక్కువున్నవాళ్ళకీ, బలహీనంగా ఉన్నవాళ్ళకీ 2 గ్రే మాత్రమే ఇచ్చి చేసే పద్ధతి కూడా ఉంది.

చర్మంలో ఇంకో పాత్ర ఉంది: లాంగర్‌హాన్స్ కణాలు. ఇవి చర్మానికి కాపలాదారులు, ఏది కనపడినా పట్టుకుని టీ కణాలకి చూపిస్తాయి. మూలుగని ఖాళీ చేసేసే రేడియేషన్‌కి కూడా ఇవి అంత తొందరగా పోవు. అంటే ఒళ్ళంతా కొత్త సాఫ్ట్‌వేర్ నడుస్తున్నా చర్మంలో పాత కాపలాదారులు కొన్నాళ్ళు మిగిలే ఉంటారు. కొత్తగా వచ్చిన టీ కణాలకి ఒంటి గుర్తుల్ని చూపించేది వీళ్ళే.

ఇంకా దూరం వెళ్తే, నెలల తర్వాత కొందరికి చర్మం గట్టిపడి తోలులా బిగుసుకుంటుంది. ఒళ్ళంతటికీ రేడియేషన్ తీసుకున్నవాళ్ళలో ఈ బిగుసుకుపోయే రకం ఎక్కువని పరిశోధనలు చూపించాయి. కాబట్టి దాడి కణాలది, రెచ్చగొట్టడం రేడియేషన్‌ది.

ఎలా గుర్తుపట్టాలి?

రేడియేషన్ తెచ్చే ఎరుపు సాధారణంగా ఇచ్చిన రోజుల్లో, కొద్ది వారాల్లో కనిపించి, నల్లబడి తగ్గుతుంది. ఐదు నెలలు లోపల దాక్కుని బయటికొచ్చే ‘వేడి’ అంటూ ఏమీ లేదు. మా మొదటి తప్పు అదే. నెలల తర్వాత కొత్తగా దద్దురు వస్తే జీవీహెచ్‌డీ అవునో కాదో తేల్చాల్సింది డాక్టరే.

జీవీహెచ్‌డీ దద్దురు ఎక్కువగా అరచేతులు, అరికాళ్ళు, చెవులు, మెడ వెనక, ముఖం దగ్గర మొదలవుతుంది. దురద కంటే మంట ముందు రావచ్చు. ఎంత ఒళ్ళు ఎర్రబడిందో డాక్టర్లు లెక్కేస్తారు: పావు వంతు లోపలా, సగం లోపలా, సగం దాటిందా, పొక్కులు లేచాయా అని. ఇంట్లో అంచనాకి చిట్కా ఏంటంటే, పేషెంట్ సొంత అరచేయి వేళ్ళతో సహా సుమారు ఒక శాతం. వదిన కాల్ చేసిన రోజు అన్నయ్యకి ఆరేడు అరచేతులంత. మేం వెళ్ళేసరికి యాభై దాటింది.

ఎండ కూడా రేడియేషనే

ఆస్పత్రిలో రెండో ప్రశ్న: "ఎండలోకి వెళ్ళావా?" వెళ్ళాడు. ఇంటికొచ్చిన వారానికే చెరువు దగ్గరికి వెళ్ళి పొద్దున్నుంచి పదకొండింటి దాకా గట్టు మీద నిలబడ్డాడు. చెరువు అప్పిచ్చినవాళ్ళు ఆగరు కదా. అప్పటికే టీ కణాల్ని అదుపులో పెట్టే మాత్రల డోసు తగ్గిస్తున్నారు. పట్టు సడలుతున్న టైములో ఎండ పడింది.

ఎండలోని అల్ట్రావయొలెట్ కిరణాలు చర్మ కణాల్ని దెబ్బతీస్తాయి. మళ్ళీ అదే ‘ప్రమాదం’ అలారం, మళ్ళీ అదే దాడి. మన డెల్టాలో ఇంకో చిక్కు, నీళ్ళు. చెరువు నీళ్ళ మీద పడి వెనక్కి తిరిగే ఎండ గడ్డం కింద కూడా తగులుతుంది. మబ్బు పట్టినా ఈ కిరణాలు చాలావరకు దిగుతాయి. పైగా ఫంగస్ రాకుండా ఇచ్చే వోరికొనజోల్ లాంటి మందులు చర్మాన్ని ఎండకి ఇంకా సున్నితం చేస్తాయి. రేడియేషన్ తీసుకున్నవాళ్ళకి ముందు ముందు చర్మ క్యాన్సర్ ముప్పు కూడా ఎక్కువ. అందుకే గొడుగు, ఫుల్ హ్యాండ్స్ చొక్కా, టోపీ, సన్‌స్క్రీన్ జీవితాంతం అలవాటు చేసుకోవాలి. పది నుంచి నాలుగు దాకా నీడపట్టునే.

అదే కిరణం మందు ఎలా అయింది?

ఇప్పుడు నన్ను బాగా ఆశ్చర్యపరిచిన విషయం. అదే అల్ట్రావయొలెట్‌ని కొలిచి వాడితే మందు. 2004లో వచ్చిన ఎలుకల ప్రయోగంలో టీ కణాలు ఎక్కించే ముందే అల్ట్రావయొలెట్‌తో పాత లాంగర్‌హాన్స్ కాపలాదారుల్ని ఖాళీ చేస్తే చర్మానికి జీవీహెచ్‌డీ రాలేదు. ఆస్పత్రుల్లో కొందరు పేషెంట్లకి లెక్కగట్టిన అల్ట్రావయొలెట్ లైట్ కింద చికిత్స చేస్తారు.

ఇంకోటి ఫోటోఫెరెసిస్. రక్తం బయటికి తీసి, తెల్లకణాలు వేరుచేసి, సోరాలెన్ జాతి మందు కలిపి, అల్ట్రావయొలెట్ చూపించి, తిరిగి ఒంట్లోకి ఎక్కిస్తారు. దాంతో రెచ్చిపోయిన కణాలు శాంతిస్తాయి. సోరాలెన్ అంటే కొత్త పేరేం కాదు. పచారీ కొట్లో దొరికే బావంచాలు, పాతకాలం నుంచి బొల్లికి పూసి ఎండలో కూర్చోబెట్టేవాళ్ళు చూడండి, ఆ గింజల్లో ఉండేది సోరాలెనే. అలాగని ఇంట్లో బావంచాలు నూరి పూయకండి, దయచేసి. కొలత లేని సోరాలెన్, కొలత లేని ఎండ కలిస్తే నిజంగానే ఒళ్ళు కాలుతుంది. డాక్టర్ లైట్‌కీ చెరువు గట్టు ఎండకీ తేడా ఆ కొలతే.

జీవీహెచ్‌డీ రాకుండా అడ్డుకునే మందుల్లో దశాబ్దాలుగా వాడే ఒకటి మెథోట్రెక్సేట్. గుడివాడ జంక్షన్‌లో రైలెక్కితే వచ్చే భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ కంపెనీలో నడిపిన పరిశోధన బృందం నుంచి వచ్చిన మందు అది. వేగంగా పెరిగే కణాల్ని ఆపే గుణం వల్ల మొదట బ్లడ్ క్యాన్సర్‌కి వాడారు, తర్వాత రెచ్చిపోయే టీ కణాల్ని ఆపడానికీ పనికొచ్చింది. అన్నయ్యకీ మొదటి రోజుల్లో ఇచ్చారు. ఆ పేరు వినగానే నేను అందరికీ చెప్పాను, మనవాడిదే అని.

రక్తం సంచి: ఇది అందరికీ అవసరం

మా ఇంట్లో మూలుగ మార్పిడి లేదు కదా, నాకెందుకు అనుకుంటున్నారా? ఈ ఒక్క ముక్క వినండి.

జపాన్‌లో కొన్ని దశాబ్దాల పాటు సర్జన్లని ఒక విషయం భయపెట్టింది. ఆపరేషన్ బాగా జరుగుతుంది. పది రోజులకి పేషెంట్ ఒళ్ళంతా ఎర్రబడుతుంది, జ్వరం, రక్తకణాలు పడిపోతాయి, చనిపోతాడు. ‘ఆపరేషన్ తర్వాతి ఎర్రదనం’ అని పేరు పెట్టారు. చివరికి తేలిందేంటంటే, ఎక్కించిన తాజా రక్తంలోని టీ కణాలు దాడి చేశాయి. రక్తం ఇచ్చింది చాలాసార్లు దగ్గర బంధువులే. హెచ్‌ఎల్‌ఏ బాగా కలిసినప్పుడు పేషెంట్ ఒళ్ళు ఆ కణాల్ని పరాయివిగా గుర్తించదు, తరమదు. కానీ ఆ కణాలు ఒంటిని పరాయిదిగా చూస్తాయి. ఇలా వచ్చే జీవీహెచ్‌డీ చాలా అరుదు. కానీ వస్తే పదిమందిలో తొమ్మిదిమందికి పైగా బతకరు.

దీనికి ఆపే దారి ఏంటో తెలుసా? రేడియేషనే. ఈసారి మనిషికి కాదు, రక్తం సంచికి. 25 గ్రే ఇస్తే టీ కణాలు విభజన చెందలేవు, ఎర్రకణాలు మాత్రం పనిచేస్తాయి. ఆ రక్తంలో రేడియేషన్ ఏమీ మిగలదు, భయం అక్కర్లేదు. జపాన్ ఇచ్చే రక్తానికంతా ఇలా చేయడం మొదలెట్టాక 2000 తర్వాత అక్కడ నిర్ధారణ అయిన కేసులు కనిపించలేదు.

మన దగ్గర ఆపరేషన్ అనగానే "బయటి రక్తం వద్దు, మనవాళ్ళదే ఎక్కించండి" అంటాం. పైగా మేనరికాలు ఎక్కువ, అంటే హెచ్‌ఎల్‌ఏ కలిసే అవకాశమూ ఎక్కువ. రక్తం ఇవ్వడం మానకండి, బ్లడ్ బ్యాంకుకి ఇవ్వండి, ఎవరికో ఒకరికి ఉపయోగం. కానీ సొంత అన్నకో, అమ్మకో, మేనమామకో నేరుగా ఇవ్వాల్సి వస్తే డాక్టర్‌ని ఒక్క ప్రశ్న అడగండి: "సార్, ఇది ఇర్రేడియేట్ చేసిన రక్తమేనా?" మూలుగ మార్పిడి అయినవాళ్ళ ఇంట్లో ఈ ప్రశ్న తప్పనిసరి. అన్నయ్య పర్సులో ఇప్పుడు ఒక కార్డు ఉంటుంది, ‘ఇర్రేడియేటెడ్ రక్తం మాత్రమే’ అని. యాక్సిడెంట్ అయినా ఎవరో ఒకరు చదువుతారు.

అక్క అడిగిన ప్రశ్న

ఇదంతా తెలుసుకుని ఇంట్లో అందరికీ వివరించాను. పెద్ద జ్ఞానిలా. అక్క గుడివాడ నుంచి వచ్చి అన్నయ్య మంచం పక్కన కూర్చుని ఉంది. అంతా విని, "అంటే వాణ్ణి కాల్చింది నా రక్తమేనన్నమాట" అంది. ఇంకేం మాట్లాడలేదు. నాకు నోట మాట రాలేదు. కరెంటు మీద తోసేస్తేనే బాగుండేదేమో అనిపించింది.

మర్నాడు డాక్టర్ దగ్గర అక్కని కూర్చోబెట్టి ఇదే అడిగాను. ఆయన చెప్పింది ఇదీ. రేడియేషన్ ఎంత ఇచ్చినా ఒకటో రెండో క్యాన్సర్ కణాలు మిగలొచ్చు. వాటిని వెతికి చంపేది కొత్త టీ కణాలే. అచ్చం ఒకేలా ఉండే కవలల మధ్య మార్పిడి చేస్తే జీవీహెచ్‌డీ భయం దాదాపు ఉండదు, కానీ క్యాన్సర్ తిరగబెట్టడం ఎక్కువ. కొంచెం జీవీహెచ్‌డీ వచ్చినవాళ్ళలో క్యాన్సర్ తిరగబెట్టడం తక్కువ. "మీ కణాలు కోపంగా ఉన్నాయమ్మా, ఆ కోపమే ఆయన్ని కాపాడుతోంది. అదుపులో పెట్టడం మా పని" అన్నారు. అక్క అప్పుడు ఏడ్చింది.

బయాప్సీ చేసి, స్టెరాయిడ్లు మొదలుపెట్టారు. నెమ్మదిగా తగ్గింది. స్టెరాయిడ్లకి లొంగనివాళ్ళకి రుక్సొలిటినిబ్ లాంటి మాత్రలు కూడా ఇప్పుడు ఉన్నాయి. అన్నయ్యకి అంతదాకా రాలేదు. కానీ కుడి ముంజేతి మీద చర్మం కొంచెం బిగుసుకుంది, మణికట్టు పూర్తిగా వంగదు. ఆ ఆరు రోజులు పోగొట్టకపోతే ఇలా అయ్యేది కాదా అని అడిగితే, డాక్టర్ "చెప్పలేం, కానీ ముందొస్తే మాకు పని తేలిక" అన్నారు. నేను మాత్రం మజ్జిగ ఇవ్వమన్న నా మాట మర్చిపోలేను.

ఇప్పుడు అన్నయ్య సాయంత్రం ఐదున్నర దాటాకే చెరువుకి వెళ్తాడు. ఫుల్ హ్యాండ్స్ చొక్కా, మెడకి కండువా, చేతిలో గొడుగు. ఊళ్ళోవాళ్ళు "ఏమయ్యా, చీకటి పడుతుంటే గొడుగేంటి?" అని ఎగతాళి చేస్తారు. "మా అక్క ఇచ్చిన ఒళ్ళు, జాగ్రత్తగా చూసుకోవాలి" అంటాడు.

వెళ్ళేముందు మూడే మూడు. మార్పిడి అయినవాళ్ళకి ఒంటి మీద కొత్త ఎరుపు కనిపిస్తే ఫోటో తీసి అదే రోజు ఆస్పత్రికి పంపండి, వేపాకు తర్వాత. ఎండని రేడియేషన్‌లాగే చూడండి. బంధువుల రక్తం ఎక్కించేముందు ‘ఇర్రేడియేట్ చేశారా’ అని అడగండి.

ఈ వీడియోని లైక్ చేయకపోయినా పర్లేదు. మీ ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో మాత్రం పెట్టండి, అక్కడే కదా మన వైద్యాలన్నీ జరిగేవి. మీ ఇంట్లో ఎవరికైనా మార్పిడి జరిగి ఉంటే కామెంట్‌లో రాయండి, పేర్లు వద్దు, అనుభవం చాలు. మళ్ళీ కలుద్దాం. ఉంటానండీ.